గీత దాటిందా

తలుపు బందులు ఊడదీస్తే గానీ
లోపలికి పట్టలేదు ఆ టీవీ.
నేనూ, మా కుర్రాడు డ్వేనూ మోశాం.
డ్వేన్ బూటొకటి మంచులోనే ఉండిపోయింది.
మెట్ల మీద తోయివో లాహ్తినెన్
"మెల్లగా, మెల్లగా" అంటూ,
పసిబిడ్డ నిద్రపోతున్న ఉయ్యాల మోయిస్తున్నట్టు.

థండర్ బేలో అప్పటికి
అంత వెడల్పు తెర ఇంకో ఇంట్లో చూళ్ళేదు నేను.
కాగితం మిల్లులో ముప్ఫై ఒక్కేళ్ళు చేసి దిగిపోతే
చేతికొచ్చిన దాంట్లో మంచి ముక్క అదే తినేసింది.

ప్లగ్గు పెట్టాం.
పెద్ద సోఫాలో కొత్త చుట్టంలా
బొమ్మ నడుమ ముడుచుక్కూర్చుంది.
అటొకటి ఇటొకటి నల్లపట్టీలు.
"ఇదేంటి?"
"పెట్టె వచ్చిందండీ, కార్యక్రమాలు ఇంకా రాలేదు."
"ఎప్పుడొస్తాయి?"
అమ్మినవాడు అరచేతిలో వైకుంఠం చూపించాడు.
బిగించేవాణ్ణి నేను, నీళ్ళు నమిలాను.
"వచ్చే చలికాలానికి అంటున్నారు."

వచ్చే చలికాలం వచ్చింది.
కంపెనీ ఉత్తరం వచ్చింది.
కొత్త డబ్బా వచ్చింది, వెనకే దాని అద్దె వచ్చింది.
కళ్ళు కాయలు కాశాక
ఒక చానెల్ వచ్చింది:
పగలూ రాత్రీ అవే మూడు.
చిలక. జలపాతం. కోసిన నారింజ.

నారింజ ముందు కూర్చునేవాడు తోయివో.
తొనలో ప్రతి రసపుబొట్టూ
దేనికది విడిగా మెరిసేది.
"జనవరిలో ఇంత మంచి పండు ఈ ఊళ్ళో దొరకదులే"
అనేది ఔనె, ఊలు మీంచి తలెత్తకుండా.
రెక్క విప్పే ముందు చిలక
ఎన్నిసార్లు రెప్ప వేస్తుందో
ఆయనకి కంఠతా వచ్చు.

యాంటెన్నా వంకన నెలకోసారి పిలిచేవాడు నన్ను.
అసలు సంగతి మూడోసారి బయటపడింది.
అల్మరాలోంచి, తువ్వాల్లో చుట్టిన టేపు.
మిల్లుల లీగు ఫైనలు, ఊరి కేబులు వాళ్ళు తీసింది.
గోలు దగ్గర నిలబడ్డది ఆయనే, సన్నగా.
ఆఖరి నిమిషం.
పక్ కంబానికి తగిలింది, వెనక్కి పడింది,
ఎర్రదీపం వెలిగింది.
దాటలేదు, అన్నాడు ఆ రాత్రి.
పెళ్ళిళ్ళలో అన్నాడు, ఆవిరిస్నానాల్లో అన్నాడు,
రిఫరీ పోతే
శవపేటిక పక్కన నిలబడి మరీ అన్నాడట.
"ఇన్ని వందల గీతల తెర కదా ఇది,
ఇందులో వేస్తే ఆ ఒక్క గీతా కనబడదా?"

వేశాను.
మసక కూడా వెడల్పయింది.
పక్ ఉండాల్సిన చోట
తడివేలితో రుద్దిన బొగ్గుమరక.
నా వంక చూశాడు.
ఈ తేటదనం ఇకమీదట తీసేవాటికే,
తీసేసినవాటికి చాలదని ఎలా చెప్పడం?
యాంటెన్నా తిప్పి చూస్తానని చెప్పి
బయట చలిలో ఊరికే నిలబడ్డాను.

మూడో చలికాలం, ఒక శనివారం
నల్లపట్టీలు లేవు.
మంచు మీద స్కేటు గీసిన ప్రతి గాటూ ఉంది.
గాజు అవతల ఓ పిల్లాడి చేతిలో కారుతున్న ఐస్‌క్రీం ఉంది.
పక్ ఉంది, ఆవగింజంత నల్లగా,
ఎక్కడికి పోతుందో దానికి తెలిసినట్టు.
నేను సోఫా అంచున కూర్చున్నాను, కేబులు చుట్ట ఒళ్ళో పెట్టుకుని.

కంబానికి తగిలింది.
ఊరంతా పక్‌ని చూసుంటుంది.
తోయివో గోలీ ముఖం చూశాడు.
దీపం ఇంకా వెలగలేదు,
అప్పటికే వాడి మెడ వెనక్కి తిరిగింది,
ముసుగులో కళ్ళు వాలిపోయాయి.

"వాడికి తెలుసు" అన్నాడు.
చాలాసేపటికి,
"ఆ చప్పుడులోనే తెలిసిపోతుంది."

ఔనె కుట్లు లెక్కపెడుతోంది.
పదిహేడు, పద్దెనిమిది.
"ఆపూట నీ వెనకే కూర్చున్నాను కదా,
నాలుగు వేళ్ళు లోపలుంది.
పందొమ్మిది."

ఆట ఇంకా నడుస్తోంది.
రిమోటు నా చేతికిచ్చి
చిలక చానెల్ పెట్టమన్నాడు.
వెతికాను.
ఆ వారమే తీసేశారు.